పది డాలర్ల చందాకు దక్కిన విలువ

2025 నవంబరులో జోహ్రాన్ మమ్దానీ న్యూయార్క్ నగర మేయరుగా ఎన్నికయ్యారు. ఆ మహానగరానికి ఆయన తొలి ముస్లిం మేయరు. ఆ వార్త విని ఇక్కడి మన కుటుంబాలు కూడా సంతోషించాయి. అది సహజమే. కానీ మన ఆలోచన ఆ పేరు దగ్గరే ఆగిపోతే ఆ ఎన్నిక నుంచి నేర్చుకోవలసిన పాఠం చేజారుతుంది. అంతకు ఏడేళ్ల ముందు ఆ నగర ఓటర్లు ఒక ప్రశ్నకు ఇచ్చిన జవాబును పాఠకుల దృష్టికి తేవాలని మేము భావిస్తున్నాము.

2018 నవంబరు ఎన్నికల్లో న్యూయార్క్ ఓటర్ల బ్యాలెట్‌పై అభ్యర్థుల పేర్లతో పాటు నగర శాసనపత్రాన్ని సవరించే ప్రశ్నలు కూడా ఉన్నాయి. వాటిలో మొదటిది ఎన్నికల చందాలకు సంబంధించినది. ప్రభుత్వ నిధుల పథకంలో చేరిన మేయరు అభ్యర్థికి ఒక వ్యక్తి ఇవ్వగల గరిష్ఠ చందాను 5,100 డాలర్ల నుంచి 2,000 డాలర్లకు తగ్గించాలని ఆ ప్రశ్న ప్రతిపాదించింది. నగరవాసి ఇచ్చే చిన్న చందాలో ప్రతి డాలరుకు నగర ఖజానా అప్పటివరకు 6 డాలర్లు జోడించేది. దాన్ని 8 డాలర్లకు పెంచాలన్నది మరో ప్రతిపాదన. దాదాపు 80 శాతం మంది ఓటర్లు ఔనన్నారు.

దీని అర్థం సామాన్యుని లెక్కలో చూద్దాం. ఒక టాక్సీ డ్రైవరు తన అభ్యర్థికి 10 డాలర్లు ఇస్తే ఖజానా 80 డాలర్లు కలుపుతుంది. అభ్యర్థి చేతికి 90 డాలర్లు చేరతాయి. అయితే ఈ సొమ్ము ఊరికే రాదు. నగర మండలికి పోటీ చేసే వ్యక్తి తన నియోజకవర్గంలోనే కనీసం 75 మంది నుంచి 10 డాలర్లు లేదా అంతకు మించిన చందా తేవాలి. మొత్తం అర్హమైన చందాలు 5,000 డాలర్లకు చేరాలి. ఖర్చుపై పరిమితికి కట్టుబడాలి, లెక్కలు తనిఖీకి అప్పగించాలి. అంటే అభ్యర్థి ధనవంతుల బంగళాకు వెళ్లే ముందు పేదల వాడలో తలుపు తట్టక తప్పదు. మా దృష్టిలో ఈ చట్టానికి ప్రాణం ఇదే.

తరువాతి ఫలితాలు గమనించదగినవి. 2021లో షహానా హనీఫ్ ఆ నగర మండలికి ఎన్నికైన తొలి ముస్లిం మహిళ అయ్యారు. అదే ఎన్నికల్లో 51 స్థానాల మండలిలో తొలిసారి మహిళలు ఆధిక్యం సాధించారు. 2025 ప్రైమరీకి ముందు మమ్దానీ ఖర్చు పరిమితికి సరిపడా సొమ్ము సమకూరిందని, ఇక చందాలు పంపవద్దని తన మద్దతుదారులను కోరారు. ఈ నిబంధన ఒక్కటే వీరిని గెలిపించిందని మేము అనడం లేదు. డబ్బు లేదన్న కారణంతో బరిలోకే దిగలేని పరిస్థితిని అది తగ్గించింది.

దీనికి పరిమితులూ ఉన్నాయి. అభ్యర్థితో సంబంధం లేకుండా బయటి సంఘాలు చేసే ఖర్చుకు అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల వల్ల హద్దు లేదు. ఆ ప్రైమరీలో మమ్దానీకి వ్యతిరేకంగా నిలిచిన ఒక సంఘమే 2 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించింది. రాజకీయ నాయకులకు పన్నుల సొమ్ము ఎందుకన్న విమర్శా ఉంది. మా సమాధానం ఒక్కటే: ఎన్నికల ఖర్చును ప్రజలు భరించకపోతే కాంట్రాక్టర్లు భరిస్తారు, తరువాత దాన్ని ప్రజల నుంచే వడ్డీతో వసూలు చేసుకుంటారు.

ఇక మన సంగతి. 2020 గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో కార్పొరేటర్ అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షల రూపాయలు. శాసనసభకు అది 40 లక్షలు, లోక్‌సభకు 95 లక్షలు. పార్టీల ఖర్చుకు మాత్రం పరిమితే లేదు. దాతల పేర్లు దాచిన ఎన్నికల బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. ఎన్నికలకు ప్రభుత్వం పాక్షికంగా సాయం అందించాలని ఇంద్రజిత్ గుప్తా కమిటీ 1998లోనే సిఫారసు చేసింది. ఆ సిఫారసు అమలుకు నోచుకోలేదు.

టికెట్ అడగడానికి వెళ్లిన వారిని మొదట అడిగే ప్రశ్న 'ఎంత పెట్టగలవు?' అన్నదే. మెకానిక్ కొడుకు, బీడీలు చుట్టే తల్లి కూతురు అక్కడే వెనుదిరుగుతారు. మన వాడలో మురుగు కాలువ ఎందుకు పొంగుతోందో తెలిసినవారు వారే. మనకు ప్రాతినిధ్యం తగ్గడానికి వివక్ష ఒక కారణం. డబ్బు రెండవ కారణం. మొదటి దాని గురించి ఎంతో మాట్లాడాము, రెండవ దాని గురించి మాట్లాడింది తక్కువ.

న్యూయార్క్‌లోలాగా బ్యాలెట్‌పై ప్రశ్నను ఉంచే ఏర్పాటు మనకు లేదు. కానీ పురపాలక ఎన్నికలపై చట్టం చేసే అధికారాన్ని రాజ్యాంగంలోని 243-జెడ్‌ఏ అధికరణం రాష్ట్ర శాసనసభలకు ఇచ్చింది. కనుక ఈ డిమాండ్ ఢిల్లీ దాకా పోనక్కరలేదు. చిన్న చందాలు సేకరించిన వార్డు అభ్యర్థికి ప్రభుత్వ నిధి తోడు కావాలి, పార్టీ చేసే ఖర్చు కూడా అభ్యర్థి లెక్కలో చేరాలి, ప్రతి దాత పేరు పోలింగుకు ముందే వెల్లడి కావాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యులను మన సంఘాలు ఈ మూడూ అడగాలి. దళిత, బహుజన సంఘాలను కలుపుకొని అడగాలి, ఎందుకంటే ఈ గోడ వారి ముందూ ఉంది.

పదీ ఇరవై పోగుచేసి బడులు కట్టుకున్న సమాజం మనది. ప్రార్థనా స్థలాల నిధులను ఎన్నికలకు మళ్లించడం చట్టవిరుద్ధం, అనుచితం కూడా. అయితే మన సొంత జేబులోని పది రూపాయలను నిజాయితీ గల అభ్యర్థికి, రశీదు తీసుకుని, ఇవ్వడానికి అడ్డేమీ లేదు. ఓటుకు నోటు పుచ్చుకున్న కుటుంబం ఆ తరువాత ఐదేళ్లు కార్పొరేటరును ఏ ముఖంతో నిలదీస్తుంది? పది రూపాయలు ఇచ్చిన కుటుంబానికి ఆ హక్కు ఉంటుంది. ఈ మార్పు చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. రాబోయే వార్డు ఎన్నికల్లోనే మన ఇంటి నుంచి మొదలు కావచ్చు.