చచ్చి లేస్తేనే జాంబీయా?

"28 డేస్ లేటర్ (2002) జాంబీ సినిమా కాదు, అందులో వాళ్ళు చావలేదు, పైగా పరిగెడతారు" అని వాదించే పండితులకో దండం. చచ్చి లేవడమే కొలబద్దయితే డ్రాక్యులా కూడా జాంబీయే! 1932 నాటి 'వైట్ జాంబీ' మాత్రం లెక్కలోకి రాదు. అందులో నాయిక మందు ప్రభావంతో పడిపోయి, చివరికి తేరుకుంటుంది. ఇక అందరూ ప్రమాణంగా చూపించే రొమేరో 1968 సినిమాలో జాంబీ అన్న మాటే వినబడదు.

హైతీ చెరకు తోటల బానిసలకు చావొక్కటే విడుదల. చచ్చాక కూడా చాకిరీ తప్పదేమోనన్న భయంలోంచి వచ్చింది జాంబీ. కాబట్టి నా కొలత ఒక్కటే: ఒళ్ళు కదులుతున్నా, అది కదిలేది తన ఇష్టప్రకారం కాకపోవాలి. కోపం తప్ప ఇంకేమీ మిగలని ఆ 2002 రోగులు దర్జాగా పాసవుతారు. అసలు బానిసని మర్చిపోయి నడక వేగం కొలుస్తారేంటండీ?