కలానికి కాపలా ఎవరు?

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయంతో పాటు ఛత్తీస్‌గఢ్ హైకోర్టు కూడా కొలువున్న నగరం బిలాస్‌పూర్. న్యాయదేవత పీఠం ఉన్న ఆ ఊరిలోనే ఒక పాత్రికేయుని హత్యకు న్యాయం దక్కలేదన్నది చేదు నిజం.

దైనిక్ భాస్కర్ విలేఖరి, బిలాస్‌పూర్ ప్రెస్ క్లబ్ కార్యదర్శి సుశీల్ పాఠక్ 2010 డిసెంబరులో రాత్రి విధులు ముగించుకొని ఇంటికి వెళ్తుండగా దుండగుల తూటాలకు బలయ్యారు. స్థానిక పోలీసుల నుంచి కేసు సి.బి.ఐ.కి బదిలీ అయినా హంతకులకు శిక్ష పడలేదు. ఆ తరువాత నెలరోజులు గడిచాయో లేదో, 2011 జనవరి 23న ఛురాలో నయీ దునియా విలేఖరి ఉమేష్ రాజ్‌పుత్‌ను ఇంటివద్దే కాల్చి చంపారు.

పోలీసు స్టేషను, కోర్టు, కాంట్రాక్టుల వార్తలు రాసే విలేఖరికి పలుకుబడి ఉంటుందని లోకం భ్రమపడుతుంది. వాస్తవానికి అతని చేతిలో ఉండేవి ఎఫ్.ఐ.ఆర్. నకలు, టెండరు కాగితం, ఒక కలం మాత్రమే. చిన్న ఊళ్లో అతను ఎవరిని గురించి రాస్తాడో వారి వీధిలోనే రోజూ నడవాలి. రాజధానిలోని సంపాదకునికి ఉన్న రక్షణ అతనికి లేదు.

2025 జనవరిలో బీజాపూర్‌లో ముకేష్ చంద్రాకర్ మృతదేహం సెప్టిక్ ట్యాంకులో దొరికింది. రోడ్డు పనుల్లో అక్రమాలను ఆయన వెలుగులోకి తెచ్చారు. దేశమంతటా నిరసన పెల్లుబకడంతో కొద్దిరోజులకే ప్రధాన నిందితుడైన కాంట్రాక్టరు హైదరాబాదులో పట్టుబడ్డాడు. పత్రికలు పట్టు విడవకుంటే దర్యాప్తు కదులుతుందనడానికి ఇది నిదర్శనం.

పాత్రికేయుల రక్షణకు ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 మార్చిలో బిల్లును ఆమోదించింది. హర్షణీయమే. అయితే బీజాపూర్ దారుణం జరిగింది ఆ తరువాతే. చట్టం కాగితంపై ఉన్నంత మాత్రాన తూటా ఆగదు.

తప్పు ప్రభుత్వాలది మాత్రమే కాదు. హత్య జరిగిన నాడు వార్తా సంస్థల కథనం మొదటి పేజీకి ఎక్కుతుంది. ఏడాది తరువాత వాయిదా వార్త రెండు వాక్యాలకు కుదించుకుపోతుంది. మరుసటి ఏడాది అదీ ఉండదు. ఇతరుల కేసుల్లో జాప్యాన్ని ఎండగట్టే పత్రికలు తమవారి కేసులను మరచిపోవడం శోచనీయం. ప్రతి వాయిదానూ ప్రచురించడం, మృతుని అసంపూర్తి పరిశోధనను మరొకరు కొనసాగించడం పత్రికల కనీస ధర్మం. విలేఖరిని చంపినా వార్త చావదని హంతకులకు తెలిసిన నాడే ఆ కలానికి నిజమైన కాపలా.