ఇంటింట నింగ్లీషు: "కీప్" అను క్రియ



ఈ మాసమున "కీప్" అను చిన్న క్రియను విచారింతము. ఇది పలుకుటకు సులభము, పొరబడుటకును సులభమే. ఆమె, అతడు అనువారి విషయమున "కీప్స్" అనియు, భూతకాలమున "కెప్ట్" అనియు మారును. "కీప్డ్" అనుట తప్పు.

దీని ప్రధానార్థము ఉంచుట. "ఐ కీప్ ది కీ ఇన్ ది బాక్స్" అనగా, నేను తాళపుచెవిని పెట్టెలో నుంచుదును అని యర్థము. ఇది వాడుకగా నుంచుట. ఒకమారు పెట్టుటకు "పుట్" అను వేరొక క్రియ గలదు. పొయ్యిమీద గిన్నె పెట్టుట "పుట్". ఉప్పుజాడీని నిత్యమొకచోట నుంచుట "కీప్".

రెండవ యర్థము, ఉన్న స్థితిని నిలుపుట. "కీప్ క్వైట్" అనగా ఊరకుండుము. "కీప్ ది డోర్ షట్" అనగా తలుపు మూసియుంచుము. మందుసీసాలపై "కీప్ అవుట్ ఆఫ్ రీచ్ ఆఫ్ చిల్డ్రన్" అని యుండును. బిడ్డల చేతి కందని చోట నుంచుడని దాని భావము.

మూడవది, ఎడతెగకుండుట. "ది రెయిన్ కెప్ట్ ఫాలింగ్" అనగా వాన కురియుచునే యుండెను. నాల్గవది, మాట నిలుపుకొనుట. మన హరిశ్చంద్రుని గూర్చి చెప్పవలెనన్న "హి కెప్ట్ హిస్ వర్డ్" అనిన చాలును.

ఇక నసలు చిక్కు. మన భాషలో "ఉంచు" వేరు, "ఉంచుకొను" వేరు. "ఈ గొలుసు నీయొద్ద నుంచుము" అన్నచో గొలుసు నాదే. "ఈ గొలుసు నీవే యుంచుకొనుము" అన్నచో నది నీ సొత్తైనది. ఇంగ్లీషున నీ రెంటికిని "కీప్" ఒక్కటే. భద్రపరచుటకు మాత్రమే యిచ్చినయెడల "కీప్ ఇట్ ఫర్ మి", అనగా నాకొరకు దాచుము, అని విడమరచి చెప్పవలెను.

ఈ భేదము వ్యాకరణముతో ముగియునది కాదు. మా కోనసీమలో అమలాపురము, రాజోలు ప్రాంతములనుండి యెందరో స్త్రీలు ఇంటిపనికై కువైటు, మస్కటు పోవుచున్నారు. మా వీధిలోని యొకామె రెండవమారు కువైటు పోవుచు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పుమని నాయొద్దకు వచ్చినది. "కీప్" అను మాట రాగానే యామె మొగము చిన్నబోయినది.

"అమ్మగారూ, తొలిసారి వెళ్లినప్పుడు ఆ యింటావిడ నా పాస్‌పోర్టు పుచ్చుకొని ‘ఐ విల్ కీప్ ఇట్’ అన్నదండీ. దాచిపెడుతుంది కాబోలు, మంచిదే అనుకొని తల ఊపానండీ. మా అమ్మకు జబ్బు చేసిందని కబురొచ్చి అడిగితే ఇవ్వలేదండీ. నేను వచ్చేసరికి అమ్మ లేదు" అన్నది.

ఆనాడు పాఠము కొంతసేపు సాగలేదు. పిదప నా భర్తగారు కొన్ని సంగతులు విప్పిచెప్పిరి. పాస్‌పోర్టు భారతప్రభుత్వపు సొత్తని దానియందే ముద్రితమై యున్నది. అది యే యజమానికిని చెందదు. ఇంటిపనివారి సమ్మతి లేకుండ వారి పాస్‌పోర్టును యజమాని తనయొద్ద నుంచుకొనరాదని కువైటులో 2015వ సంవత్సరపు 68వ చట్టము చెప్పుచున్నది. తల యూపుటయే సమ్మతిగా నెంచబడవచ్చును గదా! కావున అర్థము తెలియక తల యూపరాదు.

ఆమెకు నేను నేర్పిన వాక్యమిది: "ఐ విల్ కీప్ మై పాస్‌పోర్ట్ విత్ మి." నా పాస్‌పోర్టును నాయొద్దనే యుంచుకొందును అని యర్థము. తడబడకుండ వచ్చువరకు వల్లెవేయించితిని. పాస్‌పోర్టు నకలొకటి యిచ్చట నింటిలో నుంచి పొమ్మనియు చెప్పితిని. మీ యిరుగుపొరుగున నట్టి ప్రయాణము గలవా రున్నచో నీ వాక్యమును వారికి నేర్పుడు.

అభ్యాసము: ఈ క్రింది వాక్యములను "కీప్" అను క్రియతో నింగ్లీషున వ్రాయుడు.

1. నేను పుస్తకములను అలమరలో నుంచుదును.
2. ఆమె తన మాట నిలుపుకొనెను.
3. ఈ ఉత్తరమును నాకొరకు దాచుము.

వచ్చు మాసమున "టేక్" అను క్రియ.