ఆ నల్లచెక్కను ఎండనివ్వకండి

వేగావతిలో నీళ్లు తగ్గితే చాలు, ఇసుకకు తవ్వకాలు మొదలవుతాయి. లారీలకు పేరుపడ్డ సాలూరులో లోడు నిండడం ఎంతసేపు? ఇసుక పొర పోయాక నల్లటి ఒండ్రు తగులుతుంది. అందులో జేసీబీ బకెట్‌కి నల్లగా నానిన దుంగ ఒకటి అడ్డుపడిందనుకోండి, గట్టున పడేస్తారు. నాలుగు ఎండలకి బీటలు తీస్తుంది. ఆనక ఎవరింటి పొయ్యిలోకో పోతుంది. అది దేనిదని అడిగేవాళ్లుండరు.

ఇంగ్లండ్‌లోని టామ్‌వర్త్‌లో 1971లోనూ, 1978లోనూ ఇలాంటి బురదే తవ్వితే నీటితో తిరిగిన పిండిమర బయటపడింది. చెక్కల్లోని వలయాలు లెక్కపెట్టి 9వ శతాబ్దం నడుమ కట్టారని తేల్చారు. నీట నానిన బురదలోకి గాలి చొరదు కాబట్టి చెదకీ బూజుకీ చిక్కకుండా కలప అన్నేళ్లు నిలిచింది. బయటికి తీశాకే దానికి గండం. లోపలి నీరే దాని ఆకారాన్ని నిలబెడుతుంది. అది ఆరిందంటే చెక్క ముడుచుకుని మెలితిరిగిపోతుంది, మళ్లీ మునుపటి రూపానికి రాదు.

అలాంటి పాత పనిముట్లు మనవైపూ ఉన్నాయి: విసరడానికి తిరగలి, నూనెకు ఎద్దు గానుగ. కుడితి తొట్టిగా పడున్న రాతి గానుగలో ఓసారి చెయ్యి పెట్టి చూడండి, కర్ర తిరిగి తిరిగి అరిగిన నునుపు వేళ్లకు తెలుస్తుంది. ఇలాంటి పాతరాళ్లను లంకెబిందెల పిచ్చితో పగలగొట్టేవాళ్లూ ఉన్నారు. రాతిలో బంగారం ఉండదు బాబూ!

శాలిహుండం బౌద్ధ శిథిలాలను 1919లో వెలుగులోకి తెచ్చింది పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారు. పురావస్తు శాఖ ఉద్యోగి కారాయన; పాతవాటిని గుర్తించడానికి ఆ ఉద్యోగమే అక్కర్లేదు.

కాబట్టి నదిలోగానీ గెడ్డలోగానీ పాత చెక్క, చెక్కిన రాయి, కుండపెంకుల కుప్ప తగిలితే బండి ఆపండి. కదిలించకండి. చెక్క అప్పటికే బయటపడితే తడిగోనె కప్పి నీడన ఉంచండి, గోనె ఆరనివ్వకండి. గీకి కడగొద్దు, నూనె రాయొద్దు. పక్కన చేతికర్ర పెట్టి, లోతు తెలిసేలా ఫొటో తీయండి. అదే రోజు తహసీల్దారుకు చెప్పి, కలెక్టరుకూ తెలియజేయండి. పది రూపాయలకు మించిన విలువైనది నేలలో దొరికినా కలెక్టరుకు తెలియజేయకుండా దాచుకుంటే, 1878 నాటి చట్టం కింద ఏడాది దాకా జైలు పడొచ్చు.

ఇసుక రీచ్‌కి బండి పంపే యజమానులారా, బకెట్ తోలే కుర్రాడికి ఈ మాట ఇవాళే చెప్పండి. బురదలో దాన్ని మొదట చూసేది అతనే.