కూలివాని బిడ్డకు చదువు రాదట!

ప్రతి సంవత్సరం పరీక్షా ఫలితాలు వెలువడగానే రాజధాని నగరంలో పాత పాట మొదలవుతుంది. పేరుమోసిన ప్రైవేటు పాఠశాలల పిల్లలు ప్రతిభావంతులట! మురికివాడల పిల్లలు మందమతులట! వారి తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదట! ఈ బూటకపు వాదనను మేము పూర్తిగా తిరస్కరిస్తున్నాము. పరీక్ష కొలుస్తున్నది పిల్లవాని తెలివిని మాత్రమే కాదు. తండ్రి కూలిని, తల్లి పనిగంటలను, అద్దె గది ఇరుకును కూడా.

నిదర్శనం కావాలా? కాలుష్యం తీవ్రరూపం దాల్చగా 2024 నవంబరు 18న ఢిల్లీ ప్రాంతంలో నాలుగవ దశ ఆంక్షలు అమలులోకి వచ్చాయి. నిర్మాణ పనులు ఆగిపోయాయి. పాఠశాలలు మూతపడి పాఠాలు ఆన్‌లైన్‌కు మారాయి. బంగళాలోని బిడ్డ గాలిని శుద్ధిచేసే యంత్రం ప్రక్కన, సొంత కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తాపీ కార్మికుని బిడ్డకు ఒక్క దెబ్బతో తండ్రి కూలి, తన బడి, మధ్యాహ్న భోజనం మూడూ పోయాయి. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను వున్నచోట ఏ బిడ్డ పాఠం వినాలి? ఈ అసమానతను ఆ నెలలోనే సుప్రీంకోర్టు సైతం గుర్తించవలసివచ్చింది.

చట్టం లేదా అంటే, వున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైవేటు పాఠశాలలు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం స్థానాలను బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలి. యాజమాన్యాలు సవాలు చేయగా, 2012 ఏప్రిల్ 12న సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించి, ప్రభుత్వ సహాయం పొందని మైనారిటీ పాఠశాలలను మాత్రం మినహాయించింది.

అయితే ఢిల్లీలో ఆర్థికంగా బలహీనులమనిపించుకోవడానికి కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయల లోపు వుండాలన్న నిబంధన ఏళ్ల తరబడి సాగింది. 2023 అక్టోబరులో నైపుణ్యంలేని కార్మికుని కనీస వేతనం నెలకు 17,494 రూపాయలు. అంటే ఏడాదికి రెండు లక్షల పైమాట! చట్టబద్ధమైన కూలి పొందితే బిడ్డకు బడిలో చోటు లేదు. చోటు కావాలంటే యజమాని చట్టాన్ని ఉల్లంఘించి వుండాలి! 2023 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు జోక్యం చేసుకున్న తరువాతనే ఈ పరిమితి పెరిగింది.

పరిమితి పెరిగినంత మాత్రాన అడ్డుగోడ కూలలేదు. ఆ చట్టం హామీ ఎనిమిదవ తరగతితో ముగుస్తుంది. ఆ తరువాత ఫీజు ఎవరు కట్టాలి? తెలుగు జిల్లాల నుండి వలసవచ్చిన కుటుంబాలకు మరొక చిక్కు: ఇంట తెలుగు, బడిలో హిందీ, పని ముగియగానే గుడిసె ఎత్తివేత, దానితోబాటే బడి మార్పు.

కష్టపడి పైకి వచ్చినవారు లేరా అని కొందరు ప్రశ్నిస్తారు. వున్నారు, వారికి మా అభినందనలు. కాని ఏటికి ఎదురీది ఒడ్డు చేరిన ఒక్కనిని చూపి వంతెన అక్కరలేదనడం, మునిగిపోయినవారిని పరిహసించడమే.

ధనికునికీ పేదకూ ఒకే బడి వుండాలని, జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లోనే సిఫారసు చేసింది. ఆరు దశాబ్దాలు కావస్తున్నా ఉమ్మడి పాఠశాల కాగితం దాటి రాలేదు.

కనుక కార్మిక సోదరులారా, సోదరీమణులారా! వయసు ధ్రువపత్రం లేదని ఏ బడి అయినా బిడ్డను త్రిప్పి పంపితే, అది చట్ట విరుద్ధమని నిలదీయండి. 50 మందికి మించి స్త్రీలు పనిచేసే నిర్మాణ స్థలంలో శిశు సంరక్షణ గది వుండాలని 2025 వరకు అమలులో వున్న 1996 చట్టం చెప్పింది, దానిని సాధించండి. కాలుష్యం పేర పని ఆపినప్పుడు సెస్సు నిధి నుండి భృతి కోరండి. పన్నెండవ తరగతి వరకు ఉచిత విద్య కోసం, ఉమ్మడి పాఠశాల కోసం ప్రతి యూనియన్ తన కోర్కెల పత్రంలో చోటు కల్పించాలి.

కూలి కోసం పోరాటం, బడి కోసం పోరాటం రెండు కావు. నగరాన్ని కట్టిన చేతులకు ఆ నగరపు బడిలో హక్కు వున్నది. ఆ హక్కును మనం అర్థించడం లేదు, సాధించుకుంటాము.