వాక్యం ముందు మన బతుకు



ఆదివారం బైబిల్ పట్టుకుని చర్చికొచ్చే కరీంనగర్ పల్లె కూలీతల్లి, సోమవారం బిడ్డ కుల సర్టిఫికెట్ కోసం మీసేవ ముందు నిలబడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు. మన రాష్ట్రంలో వారికి దక్కేది బీసీ-సి కింద ఒక్క శాతం రిజర్వేషన్. సిక్కు దళితులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరుచుకుంది. ఆదిలాబాద్ గోండుల ఎస్టీ హోదాకు మతం అడ్డు కాదు. 2022లో కేంద్రం జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేయడంతో దళిత క్రైస్తవుల ఎస్సీ హోదా ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

ఈ సంచికలో రాసినవారంతా ఈ బతుకును ఎదుట పెట్టుకునే వాక్యం చదివారు. నజరేతులో యేసు బీదలకు ప్రకటించిన సువార్త, న్యాయం లేని ఆరాధనపై ఆమోసు ఆగ్రహం వారందరినీ కలిపిన దారం. మన సంఘాల్లో మిగిలిన మాల, మాదిగ గీతలనూ వారు దాచలేదు.

చదవండి, మీ సంఘంలో చర్చించండి. ప్రార్థనతోపాటు న్యాయం కోసం గొంతు కలపండి.