మన గుంట, పొరుగువారి నుయ్యి

ఇల్లు కట్టబోయే వారు సింహద్వారం గురించి నెలరోజులు ఆలోచిస్తారు. దేవుడి గది ఎటువైపు ఉండాలో ఇంటిల్లిపాదీ కూర్చుని తర్జనభర్జన పడతారు. సెప్టిక్ ట్యాంకు మాట వచ్చేసరికి మాత్రం, "అది మేస్త్రీ చూసుకుంటాడు లెండి" అని తేల్చేస్తారు. అందుచేత ఈ వారం ఆ మాటే చెప్పుకుందాం.

దానికి వేరే పర్మిషను కావాలా అని చాలామందికి సందేహం. కొత్తగా కట్టే మామూలు ఇంటికి సాధారణంగా అక్కర్లేదు. పంచాయతీకో, మునిసిపాలిటీకో ఇచ్చే ఇంటి ప్లానులోనే ట్యాంకు, ఇంకుడుగుంట ఎక్కడ వస్తాయో గీసి చూపాలి. పాత ఇంటికి కొత్తగా కట్టించేవారు ముందు ఆఫీసులో అడిగి, వారు చెప్పిన కాగితాలు ఇవ్వడం మంచిది. మీ వీధిలో భూగర్భ డ్రైనేజీ ఉంటే ఈ తంటా లేకుండా దానికే కలుపుకోవచ్చునేమో కనుక్కోండి.

ఇదివరకు పర్మిషనంటే చెప్పులరిగేలా తిరగడం. తెలంగాణలో 2020లో వచ్చిన చట్టం ప్రకారం 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు మించని ఇంటికి యజమాని స్వయంగా ఇచ్చే ధ్రువీకరణ మీదే అనుమతి వస్తుంది. సుఖమే. కాని ఒకటి గమనించారా? వచ్చి టేపు పెట్టి కొలిచేవారు ముందుగా ఎవరూ లేరన్నమాట. కొలతలకు పూచీ మన సంతకమే.

ఇంతకీ ఆ కొలతలేమిటి? ఐ.ఎస్. 2470 అనే భారతీయ ప్రమాణం ఉంది. అయిదుగురున్న ఇంటికి ట్యాంకు లోపలి పొడవు మీటరున్నర, వెడల్పు ముప్పాతిక మీటరు, నీటి లోతు ఒక మీటరు ఉండాలి. అందులో బరువైనది అడుగుకు దిగుతుంది, తేలికైనది తెట్టులా తేలుతుంది, గాలి అక్కరలేని సూక్ష్మజీవులు మురికిని కొంత జీర్ణం చేస్తాయి. బయటికి వచ్చే నీరు తేటగా కనబడినా అందులో రోగక్రిములు ఉంటాయి. అందుకే ఆ నీరు ఇంకే గుంటకూ, తాగే నీటి బావికీ మధ్య 18 మీటర్ల దూరం, అంటే సుమారు 60 అడుగులు ఉండాలన్నారు.

ఇక్కడే వాస్తు వచ్చి కూర్చుంటుంది. నుయ్యి ఈశాన్యాన, మరుగుగుంట వాయవ్యాన అంటారు. సరే, మీ వాయవ్య మూలకు ఆనుకుని ఉన్నదేమిటి? పడమటింటివారి ఈశాన్య మూల! వారూ వాస్తు ప్రకారమే కట్టుకుంటే వారి బోరు అక్కడే ఉంటుంది. ఇద్దరూ శాస్త్రం తప్పలేదు, మధ్యన ఉన్నది ఒక ప్రహరీగోడ. 36 అడుగుల వెడల్పు, 50 అడుగుల పొడవు ఉన్న 200 గజాల స్థలంలో ఈ మూల నుంచి ఆ ఎదుటి మూలకు కొలిచినా 61 అడుగులే. కాబట్టి మన ఇంటి ప్లాను ఒక్కటి చూసుకుంటే చాలదు, నాలుగు వైపులా ఎవరి బోరు ఎక్కడుందో తెలియాలి.

దూరం చాలకపోతే? గుంట తవ్వకుండా, ట్యాంకు నీటిని గులకరాళ్ల గదిలో కిందినుంచి పైకి వడపోసే పద్ధతి ఉంది. దానికి ఇంజనీరు సలహా, ఆ నీటిని ఎక్కడికి వదలాలో ఆఫీసువారి అనుమతి కావాలి. ఖర్చూ కొంత పెరుగుతుంది. పొరుగువారి పిల్లల వాంతులు, విరేచనాలకు అయ్యే ఖర్చు ఎవరి పద్దులో రాస్తామో చెప్పండి!

కొందరు నాలుగు సిమెంటు వరలు దించి, అడుగు మట్టిగానే వదిలేసి, పైన మూత పెట్టి దాన్ని సెప్టిక్ ట్యాంకు అంటారు. "ఇరవై ఏళ్లయింది, ఒక్కసారీ నిండలేదండీ" అని గర్వంగా చెబుతారు కూడా. సరిగా కట్టిన ట్యాంకు ఎప్పుడూ గొట్టం మట్టం దాకా నిండే ఉంటుంది. నిండలేదంటే అదంతా నేలలోకి పోతున్నదన్నమాట.

చివరి మాట ముఖ్యమైనది. అడుగున చేరే మడ్డిని రెండు మూడేళ్లకోసారి తీయించాలి. ట్యాంకు మీద టైల్సు పరచి మూత కనబడకుండా చేసినా, లారీ గొట్టం చేరని సందులో కట్టినా, ఆ రోజున ఎవరో ఒక పేదవాణ్ణి లోపలికి దించాలని బుద్ధి పుడుతుంది. లోపల ప్రాణవాయువు చాలదు, విషవాయువులుంటాయి. ఒకరు పడిపోతే కాపాడబోయి దిగిన రెండోవారూ పైకి రాని సంఘటనలు ఎన్నో. రక్షణ సాధనాలు లేకుండా మనిషిని దించడం 2013 నాటి చట్టం ప్రకారం నేరం. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఇలాంటి మరణాలకు పరిహారం 30 లక్షలు ఉండాలని సుప్రీంకోర్టు 2023లో చెప్పింది. ఆ డబ్బు పోయిన మనిషిని తీసుకురాదు కదా.

కనుక దరఖాస్తు మీద సంతకం చేసే ముందు మూడు పనులు చేయండి. టేపు తీసుకుని పక్కింటికి వెళ్లి వారి బోరు ఎక్కడుందో అడగండి. మూత పైకి కనబడేలా, గొట్టం అందేలా ప్లానులో గీయించండి. ఆ ప్లాను నకలు ఒకటి ఇంటి దస్తావేజులతో దాచండి. రేపు ఆ ఇంట్లో ఉండబోయే మీ పిల్లలకు గుంట ఎక్కడుందో అదే చెబుతుంది.